వంటనూనె ఎందుకు కొనుక్కుంటున్నాం: బుడ్డల చేలోంచి, గెలల తోటలోంచి ఒక జవాబు

మీరు అడిగింది ఒక్క ప్రశ్నలా ఉంది గానీ అందులో మూడున్నాయి. వ్యవసాయ దేశమని చెప్పుకుంటూ సగానికి పైగా వంటనూనె బయటినుంచి ఎందుకు తెచ్చుకుంటున్నాం? రైతులు వరి తగ్గించి నూనెగింజలు వేస్తే తీరిపోదా? ఖమ్మం జిల్లాలో మీ నాన్నగారు ఎనిమిది ఎకరాల్లో ఆయిల్‌పామ్ పెడదామంటున్నారు, పెట్టొచ్చా? మూడోదానికి చివర్లో వస్తాను. మొదటి రెండూ తేలకుండా దాని గురించి చెబితే గాలిమాటలా ఉంటుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. 1987లో వ్యవసాయశాఖలో చేరి పదహారేళ్లు అనంతపురం వైపు వేరుశనగ చేలల్లో తిరిగాను. తర్వాత గోదావరి వైపు బదిలీ అయి ఆయిల్‌పామ్ తోటలు చూశాను. రిటైరయ్యాక నాలుగెకరాల ఆయిల్‌పామ్ గెలల తోట ఉంది, ఇంకో రెండెకరాల్లో రబీ వేరుశనగ వేస్తాను. మా తోడల్లుడికి కదిరి దగ్గర చిన్న నూనెమిల్లు ఉంది. అంచేత చేను, మిల్లు, యార్డు మూడూ దగ్గరగానే చూశాను. ఢిల్లీ నిర్ణయాలు మాత్రం మీలాగే పేపర్లో చదువుకున్నవాణ్ణి.

ముందు కొరత ఎంతో చూడండి. మనిషికి ఏడాదికి 19.7 కిలోల నూనె వాడుతున్నామని 2024లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. 140 కోట్ల మందికి లెక్కేస్తే 275 లక్షల టన్నులు. దేశంలో తయారయ్యేది అన్ని రకాలూ కలిపి 120 లక్షల టన్నుల చుట్టుపక్కల. మిగిలింది ఓడల్లో వస్తోంది. 2022-23లో దాదాపు 165 లక్షల టన్నులు, మరుసటేడు 160 లక్షల టన్నులు దిగింది (నూనె వ్యాపారులకి సంవత్సరం నవంబర్లో మొదలవుతుంది). పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్ల నుంచి. ఏటా లక్ష కోట్ల రూపాయలకు పైన బిల్లు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ఆగింది, ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఆ నిషేధం నెల కూడా నిలవలేదు గానీ ఆ నెలలో నూనె ప్యాకెట్ రేటు మీ ఇంట్లోనూ గుర్తుండే ఉంటుంది.

"రైతులంతా వేస్తే తీరదా" అన్నారు. కాగితం మీద గుణించి చూద్దాం. వర్షాధారంగా ఎకరాకు మంచి ఏడాది ఐదు క్వింటాళ్ల వేరుశనగ కాయ వస్తుంది. క్వింటాలు కాయకి 29 కిలోల నూనె అనుకుంటే ఎకరాకి 145 కిలోలు. దిగుమతి చేసుకునే 160 లక్షల టన్నులూ ఇలా పండించాలంటే పదకొండు కోట్ల ఎకరాలు కావాలి. ఇప్పుడు దేశం మొత్తం మీద సోయా, ఆవాలు, వేరుశనగ, నువ్వులు, అన్నీ కలిపి వేస్తున్నదే ఏడున్నర కోట్ల ఎకరాలు. అదే నీళ్లున్న రబీ చేలో పన్నెండు క్వింటాళ్లు పండితే నాలుగున్నర కోట్ల ఎకరాలు చాలు. ఆయిల్‌పామ్ ఎకరాకి ఎనిమిది టన్నుల గెలలు ఇస్తే కోటి ఎకరాల పైచిలుకు సరిపోతుంది. అంటే ఎన్ని ఎకరాల్లో వేశామన్నదానికంటే ఏ నేలలో, ఏ నీళ్ల కింద వేశామన్నదే లెక్క తేలుస్తుంది. నూనెగింజల్ని మనం ఎప్పుడూ నీళ్లు లేని చోటికే నెట్టాం. బోరు పడితే వరి, పడకపోతే బుడ్డలు. (బుడ్డలంటే వేరుశనగ. అనంతపురం, కర్నూలు వైపు అలాగే అంటారు.)

ఇప్పుడు మిల్లు దగ్గరికి రండి. అసలు కథ అక్కడుంది.

మా తోడల్లుడి మిల్లులో క్వింటాలు కాయ ఆడిస్తే ఏమవుతుందో చెబుతాను. పొట్టు తీస్తే 70 కిలోల పప్పు. కాయ బాగా ఊరకపోతే 65 కూడా రాదు. పప్పులో నూనె నూటికి 46 పాళ్లు. చెక్కలో (నూనె పిండాక మిగిలే పిప్పిలో) ఏడెనిమిది శాతం నూనె మిగిలిపోతుంది, చిన్న మిల్లుకి అంతకంటే పిండడం చేతకాదు. చేతికొచ్చేది 29 కిలోల నూనె, 40 కిలోల చెక్క. కాయని 2025-26 మద్దతు ధర 7,263 రూపాయలకి కొన్నామనుకోండి. పొట్టు తీత, హమాలీ, ఆడించిన కూలి 500. చెక్క కిలో 40 చొప్పున అమ్మితే 1,600 తిరిగొస్తాయి. అంటే 29 కిలోల నూనెకి పడింది 6,163. కిలో 212. లీటరు నూనె తూకం 910 గ్రాములు కాబట్టి లీటరు 193 రూపాయలు. ఇంకా డబ్బా లేదు, లేబులు లేదు, మిల్లువాడి లాభం లేదు.

ఆ మిల్లు గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా కిరాణా కొట్టు. అక్కడ పామోలిన్ (వంటకి వాడే పామాయిల్) ప్యాకెట్ దీనికంటే బాగా తక్కువకి దొరుకుతుంది. నూనె వాసన, రుచి తెలిసినవాళ్లు వేరుశనగ నూనె కొంటారు. హోటలు, మిక్చర్ బట్టీ, బిస్కట్ ఫ్యాక్టరీ, కూలికెళ్లొచ్చే ఇల్లు ప్యాకెట్టే కొంటాయి. వాళ్లని తప్పు పట్టడానికేముంది?

మరి మిల్లువాడు ఏంచేస్తాడు? మద్దతు ధరకి కొనడు. యార్డులో 5,500కి దొరికితే అదే లెక్కలో లీటరు 138కి పడుతుంది. ఈ రెండు ధరల మధ్య తేడా లీటరుకి 55 రూపాయలు. వంటింట్లో మిగిలినట్టు కనబడే ఆ 55 రూపాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, రైతు క్వింటాలుకి పోగొట్టుకున్న 1,763 రూపాయల్లోంచి. నా మాటంతా ఇదే. నూనెగింజ ధర కళ్లంలోనో యార్డులోనో తేలదు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో ఓడ దిగిన ముడి నూనె ఎంతకి పడిందో, దానిమీద ఆ నెల దిగుమతి సుంకం ఎంతుందో, అక్కడ తేలుతుంది. వానకి భయపడేది రైతు, ధర కట్టేది రేవు.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకోవద్దు. నేను ఉద్యోగంలో చేరడానికి ముందేడే, 1986లో, నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది. విత్తనం, ఎరువు, కొనుగోలు, మిల్లు అన్నీ ఒకే తాటిమీదికి తెచ్చే ప్రయత్నం. అప్పటికే అమూల్ కురియన్ గారి పాల బోర్డు గుజరాత్‌లో రైతుల నూనె సంఘాలు పెట్టించి, అక్కడ తేలియా రాజాలనబడే నూనె వ్యాపారులతో తలపడుతోంది. 'ధార' బ్రాండు 1988లో వచ్చింది. మన దగ్గర సహకార సంస్థ ఆయిల్‌ఫెడ్ 'విజయ' ప్యాకెట్. దేశంలో నూనెగింజల దిగుబడి 1986-87లో 113 లక్షల టన్నులుంటే 1994-95కి 210 లక్షలు దాటింది. 1992-93లో బయటినుంచి తెచ్చుకున్న నూనె మన వాడకంలో నూటికి మూడు పాళ్ల లోపే. దాన్ని పసుపు విప్లవమన్నారు. ఆ పేరు ఉత్తరాదిన ఆవ చేలకి నప్పుతుంది గానీ మాకు ఎర్రమట్టిలో పచ్చటి బుడ్డల చేలే. అనంతపురం జిల్లా ఒక్కదాంట్లోనే ఖరీఫ్‌లో ఏడు లక్షల హెక్టార్ల పైన వేసేవాళ్లు. ఇంత విస్తీర్ణంలో, అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన పడే చోట, ఒకే పంట వేయడం తెలివైన పనా అని అడిగితే, కాదు. అప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను.

1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తీశారు, సుంకం 65 శాతం. మరుసటేడు మిగతా నూనెలకీ తీసి 30కి దించారు. 1998కి 15 శాతం. నాలుగేళ్లలో అంత తేడా. ఆ రోజుల్లో ఒక ముసలాయన మార్కెట్ యార్డులో బస్తాల మీద కూర్చుని నన్నడిగాడు, "సార్, ఆ పామోలిన్ పండేది యాడ? ఆడ వానలు బాగా పడతాయా?" పడతాయన్నాను. "అయితే మనకెందుకు సార్ పోటీ" అని బీడీ వెలిగించుకున్నాడు. ఆయన అడిగిన దానిలో ఆర్థికశాస్త్రం మొత్తం ఉంది. ఏటా రెండు వేల మిల్లీమీటర్లు పడే చోట పాతికేళ్లు కాసే చెట్టుకీ, అయిదువందల మిల్లీమీటర్ల చోట నూటపది రోజుల్లో తేలిపోవాల్సిన మొక్కకీ పోటీ పెట్టి మధ్యలో గోడ తీసేశాం.

దెబ్బ మీద దెబ్బ 2000 ఖరీఫ్‌లో పడింది. కాండం కుళ్ళు వైరస్. కొత్తగా వచ్చింది కాబట్టి మొదట మాకే అర్థం కాలేదు. నెల రోజుల పైరు, పైన మొవ్వు ఎండుతోంది, కాండం మీద గోధుమరంగు మచ్చ కిందికి పాకుతోంది. వారంలో చేను చేనంతా కాల్చినట్టయింది. రెండు లక్షల పాతిక వేల హెక్టార్లలో, మూడొందల కోట్ల పైన నష్టమని తర్వాత తేల్చారు. కారణం ఎక్కడుందంటే గట్టు మీద. వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది. తామరపురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి ఆకుల మీద గీరితే మొక్కలోకి ఎక్కుతుంది. మందు కొట్టి ప్రయోజనం లేదు. గట్లమీద వయ్యారిభామ పూతకి రాకముందే పీకెయ్యడం, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వెయ్యడం, అంతే వైద్యం. పైసా ఖర్చులేని ఈ పని చేయించడానికి నేను పడ్డ పాట్లు ఇంకేదానికీ పడలేదు. గట్టు ఇద్దరిది కదా, ఎవరు పీకాలి?

పొద్దుతిరుగుడుకి కూడా అదే వైరస్. ఆ పంట కథ ఇంకా చిన్నది. 1993-94లో దేశంలో 26 లక్షల హెక్టార్ల పైన ఉండేది, ఇప్పుడు అందులో పదో వంతు. పువ్వు మధ్యలో తాలు పడకుండా ఉండాలంటే పొద్దున ఎనిమిదింటి నుంచి పదకొండు లోపల చేతికి పల్చటి గుడ్డ చుట్టుకుని ఒక్కో పువ్వు మీద రుద్దుకుంటూ పోవాలి, రోజు మార్చి రోజు, రెండు వారాలు. తేనెటీగలుంటే ఆ పని అవే చేస్తాయి. మనం పురుగుమందులు కొట్టి వాటిని వెళ్లగొట్టాం. ఇంత చేసి గింజ నిండితే రామచిలకలొస్తాయి. ఊళ్లో ఒక్కడే పొద్దుతిరుగుడు వేస్తే చుట్టుపక్కల చిలకలన్నిటికీ వాడి చేనే అన్నసత్రం. వంద ఎకరాలు కలిసి వేస్తేనే నిలుస్తుంది. ఆ కలయిక విరిగాక పంట మళ్లీ లేవలేదు. 2023-24లో 30 లక్షల టన్నులకు పైన ఆ నూనె కొనుక్కున్నాం.

విత్తనం గురించి చెప్పకపోతే జవాబు సగమే. ఆవాలైతే ఎకరాకి రెండు కిలోలు చాలు. వేరుశనగకి 60 నుంచి 70 కిలోల పప్పు కావాలి. ఒక ఎకరంలో పండిన విత్తనం ఎనిమిది పది ఎకరాలకి మించి రాదు. కాబట్టి కొత్త రకం పరిశోధన కేంద్రం గేటు దాటి రైతు చేలోకి రావడానికి ఏళ్లు పడుతుంది. రైతు తన పంటలోంచే విత్తనం దాచుకోగలడు కాబట్టి ప్రైవేటు కంపెనీకి ఇందులో ఆసక్తి లేదు. 1940లో తమిళనాడులోని తిండివనంలో విడుదలైన టీఎంవీ-2 రకాన్ని నేను రిటైరయ్యేదాకా చేలల్లో చూశానంటే అర్థం చేసుకోండి. తర్వాత కదిరి-6 ఊపందుకుంది, ఇప్పుడు కదిరి లేపాక్షి. లేపాక్షి కాపు బాగుంది, బెట్టకి తట్టుకుంటుంది. కాయ ముదిరాక పీకడం ఆలస్యం చెయ్యకండి. ఒక సీజన్లో సబ్సిడీ విత్తనం వచ్చిందని క్యూలో నిలబెట్టి పంచాం, నాలుగో వంతు కూడా మొలవలేదు. ఆ రోజు నన్ను చుట్టుముట్టి తిట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఇసుకలో వంద గింజలు వేసి మొలక చూసుకున్నాకే విత్తండని అప్పట్నుంచి ప్రతి మీటింగులో చెప్పేవాణ్ణి. మీకూ అదే చెబుతున్నాను.

ఇక వరి సంగతి. మీ వైపు యాసంగిలో నీళ్ల కింద పన్నెండు క్వింటాళ్ల వేరుశనగ పండిస్తే మద్దతు ధర ప్రకారం 87 వేలు. పాతిక క్వింటాళ్ల వడ్లకి 2025-26 మద్దతు ధర 2,369 చొప్పున 59 వేలు. కాగితం మీద వేరుశనగే గెలిచింది. అయినా పక్క రైతు వరే ఎందుకు నాటతాడు? వరికి కోతమిషన్ వస్తుంది, గంటలో ఎకరం. కల్లాల్లో పోసి బస్తాలు నింపితే కొనుగోలు కేంద్రం తూకం వేసుకుంటుంది, డబ్బు బ్యాంకులో పడుతుంది. వేరుశనగకి కలుపు తీయాలి, జిప్సం వెయ్యాలి, పీకాలి, కాయ తెంపాలి, ఎండబెట్టాలి. రాత్రిళ్లు అడవి పందులకి కాపలా కాయాలి. ఇన్నీ చేసి యార్డుకి తీసుకెళ్తే తేమ ఎనిమిది శాతం దాటిందంటాడు, వేలు పెట్టి చూసి కాయ తేలికంటాడు. పేరుకి మద్దతు ధరుంది. కేంద్రం నూనెగింజలు కొనే పథకంలో రాష్ట్రం పంటలో నాలుగో వంతుకి మించి కొనకూడదని చాలాకాలం గీత గీశారు. ఆ గీతకి అవతల ఉన్న మూడొంతుల మంది ఎవరికి అమ్ముకోవాలి? వరి వదలమని రైతుకి నేను చెప్పలేను. వరికి ఇచ్చిన భరోసాలో సగం దీనికి ఇస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చూడండి. అక్కడ రబీలో ఇసుక నేలల్లో బోర్ల కింద వేసే వేరుశనగ దిగుబడి బాగుంటుంది, పొడి వాతావరణంలో పీకుతారు కాబట్టి బూజు విషం అఫ్లాటాక్సిన్ కూడా తక్కువ. కానీ ఆ కాయ నూనెకి పోదు. పల్లీలుగా తినడానికీ, ఎగుమతికీ పోతుంది, మంచి రేటు పలుకుతుంది. రైతుకి లాభమే. దేశానికి నూనె కొరత తీరలేదు. వేరుశనగని ఇంకా నూనెగింజల జాబితాలో లెక్కేస్తున్నాం గానీ అది జీడిపప్పు వరసలోకి జారిపోయింది. సోయా అటు ఇంకో వింత. అందులో నూనె పద్దెనిమిది శాతమే, మిగతా అంతా కోళ్ల దాణాకి పోయే చెక్క. చెక్కకి రేటు పడిపోతే ఆదిలాబాద్‌లో సోయా ధర పడిపోతుంది. 2024లో మద్దతు ధర 4,892 ఉండగా దేశంలో చాలా యార్డుల్లో అంతకంటే బాగా తక్కువకి అమ్ముకున్నారు. అందుకని "నూనెగింజల విస్తీర్ణం పెరిగింది" అన్న వార్త చూసి నూనె పెరిగిందని సంబరపడకండి.

సుంకం ఊగిసలాట ఒక్కసారి చూపిస్తాను. ముడి పామాయిల్ మీద 2018 మార్చిలో 44 శాతం. 2022 ఫిబ్రవరికి దించుకుంటూ దించుకుంటూ 5.5 శాతం. 2024 సెప్టెంబరులో ఒక్కసారిగా 27.5. 2025 మే ఆఖరికి మళ్లీ 16.5. పండగల ముందు నూనె రేటు పెరిగితే పట్నంలో గోల, దించితే పల్లెలో గోల. పట్నం గోల టీవీలో వినబడుతుంది. నేను సుంకం ఎప్పుడూ ఎక్కువే ఉండాలనడం లేదు. పేదవాడి పొయ్యి మీద నూనె కూడా నాకు ముఖ్యమే. జూన్‌లో విత్తనం వేసేవాడికి నవంబర్లో ఏ సుంకం ఉంటుందో తెలియాలి. కనీసం మూడేళ్లు ఒక మెట్టు మీద నిలబెట్టండి. ప్రపంచ ధర మరీ ఎగిరితే రేషన్ కార్డుకి నూనె ఇవ్వండి. ఇంకో చిక్కుంది. సోయా నూనె మీద 45 శాతానికి మించి సుంకం వెయ్యబోమని ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో మనమే రాసిచ్చాం. పామాయిల్‌కి 300 దాకా వేసుకోవచ్చు. ఒకదాన్ని ఆపితే రెండోది ఆ సందులోంచి దూరుతుంది.

దగ్గర్లో ఉన్నదాన్ని వదిలేస్తున్నామనిపించేది తవుడు నూనె విషయంలో. క్వింటాలు వడ్లు ఆడితే ఏడెనిమిది కిలోల తవుడు, అందులో పదిహేను నుంచి ఇరవై శాతం నూనె. ఇందుకు ఎకరం అదనంగా అక్కర్లేదు, చుక్క నీళ్లక్కర్లేదు. తెలంగాణలో వరి ఎంత పండుతోందో మీకు నేను చెప్పాలా? చిక్కల్లా తవుడు రాలిన క్షణం నుంచి లోపలి ఎంజైము నూనెని ఆమ్లంగా మార్చడం మొదలుపెడుతుంది, రోజుకి ఐదారు శాతం. మూడు రోజులు మిల్లు మూలన పడుంటే అది వంటకి పనికిరాదు, సబ్బుకి పోతుంది. అక్కడే ఆవిరి పట్టి స్థిరపరిస్తే సరి. ఉప్పుడు బియ్యం తవుడికి ఈ బాధ చాలా తక్కువ. దేశంలో ఇప్పుడు ఏటా పది లక్షల టన్నుల దాకా తవుడు నూనె తీస్తున్నారు. చిన్న మిల్లుల తవుడు పాడుకాకుండా పట్టుకుంటే ఇంకా వస్తుంది.

వాడకం మాట కూడా ఒకటి. ఆరోగ్యానికి మనిషికి ఏడాదికి 12 కిలోలు చాలంటారు పోషకాహార నిపుణులు. అందరం అంతే వాడితే 168 లక్షల టన్నులతో సరిపోతుంది, అప్పుడు కూడా యాభై లక్షల టన్నుల లోటు. తగ్గించుకుంటే మంచిదే గానీ, బజ్జీలు మానేస్తే దేశం నిలబడుతుందని రాసేవాళ్లని నమ్మకండి. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త నూనెగింజల మిషన్ 10,103 కోట్లతో 2030-31కి మన అవసరంలో 72 శాతం ఇక్కడే తీరుస్తామంటోంది. నూనెగింజల పంట 390 లక్షల టన్నుల నుంచి 697 లక్షలకి పెంచాలట. విత్తనాలు, క్లస్టర్లు, వరి కోశాక ఖాళీగా పడుండే మాగాణుల్లో పంట, అన్నీ సరైన మాటలే. ధర దగ్గర ఏంచేస్తారన్నదే నేను వెతుక్కునే పేజీ.

ఇప్పుడు మీ నాన్నగారి ఎనిమిది ఎకరాలు.

ఆయిల్‌పామ్ మిషన్ 2021 ఆగస్టులో 11,040 కోట్లతో వచ్చింది. దేశంలో అప్పటికున్న 3.7 లక్షల హెక్టార్లని 2025-26కి పది లక్షలు చెయ్యాలనుకున్నారు, అందలేదు. అంతా అయినా 2029-30కి 28 లక్షల టన్నుల నూనె అన్నది వాళ్ల లెక్క. 2023-24లో దిగుమతైన పామాయిలే 90 లక్షల టన్నులు. కాబట్టి ఇది కొరత తీర్చేస్తుందన్న మాట పక్కనపెట్టి మీ ఇంటికి కలిసొస్తుందా అన్నదే చూడండి.

కలిసొచ్చే గుణాలున్నాయి. కోతులు, పందులు పెద్దగా బాధించవు (లేత మొక్కల్ని పందులు పెకలిస్తాయి, మొదటి రెండేళ్లు కంచె కావాలి). కూలీలు పదిహేను రోజులకోసారి గెలలు కోస్తే చాలు. తూకం, ధర, డబ్బు ఒక పద్ధతిలో వస్తాయి. నాలుగో ఏడు నుంచి కాపు, పాతికేళ్లు. మొదటి మూడేళ్లు మధ్యలో వేరుశనగ, కూరగాయలు వేసుకోవచ్చు, చెట్టు ఎదిగాక కోకో. గోదావరి వైపు కోకోతోనే కొందరు ఎరువుల ఖర్చు రాబట్టుకుంటున్నారు.

ఇబ్బందులూ వినండి. ఎకరాకి 57 మొక్కలు, మండు వేసవిలో ఒక్కో చెట్టుకి రోజుకి రెండొందల లీటర్ల పైనే. ఎనిమిది ఎకరాలకి రోజూ దాదాపు లక్ష లీటర్లు. నీళ్లు తగ్గితే చెట్టు చావదు, మోసం చేస్తుంది. ఆడ పూగుత్తులు తగ్గి మగ గుత్తులు పెరుగుతాయి. ఆ దెబ్బ అప్పుడు కనబడదు, ఏడాదిన్నర రెండేళ్ల తర్వాత గెలలు లేక కనబడుతుంది. నా తోటలో ఒక వేసవి మోటారు కాలి పద్దెనిమిది రోజులు నీళ్లాగాయి. రెండేళ్ల తర్వాత ఆ చివర రెండు వరసలు ఉత్త మగ పూలతో నిలబడ్డాయి.

గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. అమ్మడానికి మీకు ఎంపిక ఉండదు. 1993 నాటి చట్టం ప్రకారం మీ మండలం ఏ కంపెనీ జోన్లో ఉంటే గెలలు దానికే. అంచేత ఫ్యాక్టరీ ఇప్పటికే నడుస్తోందా, "వస్తుంది" అంటున్నారా అన్నది తేల్చుకోండి. "వస్తుంది" అన్న ఫ్యాక్టరీ కోసం మొక్క ఆగదు. నారుమొక్కలు నర్సరీలో మీరే నిలబడి ఏరుకోండి. సన్నగా నిటారుగా లేచినవి, ఆకులు విచ్చుకోనివి తీసుకోవద్దు. నాకు తెలిసిన ఒకాయన తోటలో ఏడో ఏడు గానీ తేలలేదు, నూటికి పదిహేను చెట్లు గొడ్డువని. నర్సరీవాళ్లు నేల మీద తోశారు, ఆఫీసువాళ్లు యాజమాన్యం మీద తోశారు. తోట మాత్రం అలాగే ఉంది. ఇంకోటి, పూల మీద చిన్న ముక్కుపురుగు కనబడితే మందు కొట్టకండి. అది ఆఫ్రికా నుంచి పని కట్టుకుని తెప్పించింది, గెల కట్టేది అదే.

ధర నెలనెలా ముడి పామాయిల్ రేటుని, గెలలో నూనె శాతాన్ని పట్టి కడతారు. 2022 వేసవిలో టన్ను గెలలు 20 వేలు దాటాయి. ఏడాది తిరక్కుండానే 13 వేల దగ్గరికి పడ్డాయి. 2024 సెప్టెంబరు సుంకం తర్వాత మళ్లీ 20 వేల వైపు ఎక్కాయి. పైన చెప్పిన సుంకాల అంకెల పక్కన ఇవి పెట్టి చూసుకోండి, మీకే తెలుస్తుంది. టన్ను 12 వేలకి లెక్కేసి, ఎకరాకి ఏడు టన్నులే అనుకుని, అప్పటికీ నిలబడితే వెయ్యండి. 20 వేలకి లెక్కేసి ఎవరైనా కాగితం చూపిస్తే మడిచి జేబులో పెట్టుకోండి.

నేనైతే ఎనిమిది ఎకరాలూ ఒకేసారి పెట్టను. నీళ్లకి దగ్గరగా ఉన్న ఐదెకరాలు పెట్టి, మూడెకరాలు యాసంగి వేరుశనగకో నువ్వులకో వదులుతాను. మొదటి మూడేళ్లు గెలల మీద రూపాయి రాని కాలంలో ఇల్లు గడవాలి కదా. మీ నాన్నగారిని అడిగి మూడు సంగతులు రాయండి. గత మూడేళ్లలో మే నెలలో మీ బోరు రోజుకి ఎన్ని గంటలు పోసింది, నేల నల్లదా ఎర్రదా, నడుస్తున్న ఫ్యాక్టరీకి మీ చేను ఎన్ని కిలోమీటర్లు. అవి తెలిస్తే ఏ ఐదెకరాలో కూడా చెబుతాను.